ఆకాశనీలం చీర తెల్లబడింది: పాతకాలపు పోర్ట్రెయిట్‌కి గమ్ ప్రింట్ డైరీ

1898 నుంచి 1910 దాకా అమెరికాలో, యూరపులో పిక్టోరియలిస్టు ఫోటోగ్రాఫర్లు (ఫోటోని పెయింటింగులా మెత్తగా తీర్చినవాళ్ళు) తీసిన స్త్రీల చిత్రాల్లాంటి ప్రింటు ఒకటి ఇంట్లో చెయ్యాలి. ప్రింటర్లోంచి బయటికొచ్చేది కాదు, చేత్తో పూత వేసి, ఎండలో పెట్టి, నీళ్ళలో కడిగి తీసేది. అదే గమ్ ప్రింట్: తుమ్మబంకలో రంగూ, వెలుగు తగిలితే బంకని గట్టిపరిచే డైక్రోమేట్ అనే రసాయనమూ కలిపి కాగితానికి పూస్తారు; నెగటివ్ లోంచి ఎండ పడినచోట పూత నిలుస్తుంది, మిగతాది నీళ్ళలో పోతుంది. కూర్చునేది మా పిన్ని. ఊరు కాకినాడ. ఊరి పేరు ఎందుకంటే, ఇక్కడి గాలిలోని తేమే ఈ పనిలో సగం గొడవకి మూలం.

గోడకి మూడు బొమ్మలు అంటించుకున్నాను. మొదటిది న్యూయార్క్‌లో స్టూడియో నడిపిన గెర్ట్రూడ్ కేసెబియర్ 1899లో తీసింది: గుమ్మంలో తెల్ల గౌనులో తల్లి, పక్కనే ముదురు గౌనులో పాప. రెండోది అదే కేసెబియర్ తీసిన ఎవెలిన్ నెస్బిట్ చిత్రం. ఫోటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ నడిపిన 'కెమెరా వర్క్' పత్రిక మొదటి సంచికలో, 1903 జనవరిలో వచ్చింది. మూడోది ఆస్ట్రియాలో హైన్రిష్ కూన్ తీసిన మేరీ వార్నర్ చిత్రాల్లో ఒకటి. ఆమె కూన్ పిల్లల ఆయా.

ఇలాంటి బొమ్మ అనగానే అందరూ మసక గురించే మాట్లాడతారు. మసక చాలా సులువు, అది మొదటి దశలోనే వచ్చేసింది. మిగతా దశలన్నీ పట్టింది రంగులు నలుపుతెలుపుల్లోకి మారే లెక్క కోసం, కాగితం కోసం, కూర్చున్న మనిషి ఓపిక కోసం.

దశ 1: ఒంటి గాజు లెన్స్

అప్పట్లో బోస్టన్‌లో పింకమ్ అండ్ స్మిత్ అనే కళ్ళజోళ్ళ కంపెనీ ఈ పనికే సాఫ్ట్ ఫోకస్ లెన్సులు చేసేది. ఇవాళ వాటి ధర మనం అడగక్కర్లేదు. బదులుగా +10 క్లోజప్ ఫిల్టర్ తీసుకున్నాను. +10 అంటే ఫోకల్ లెంగ్త్ 100 మి.మీ. గాజు వెడల్పు దాదాపు 50 మి.మీ., కాబట్టి పూర్తిగా తెరిస్తే ఎఫ్/2 (ఫోకల్ లెంగ్త్‌ని రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె).

1. పిన్ని కూర్చునే దూరం 1.5 మీటర్లు. ఆ దూరానికి గాజు నుంచి సెన్సర్‌కి 107 మి.మీ. ఉండాలి.
2. నా మిర్రర్‌లెస్ కెమెరాలో మౌంటు నుంచి సెన్సర్‌కి 18 మి.మీ. అంటే గొట్టం పొడవు 89 మి.మీ.
3. ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ గొట్టం, అందులో జారే ఇంకో ముక్క. ఫోకస్ అంటే ఆ ముక్కని ముందుకీ వెనక్కీ జరపడమే.
4. కెమెరా బాడీ క్యాప్‌కి రంధ్రం చేసి గొట్టానికి అతికించాను.
5. గొట్టం లోపల నల్ల వెల్వెట్ గుడ్డ.

అయిదో పని మొదట చెయ్యలేదు. పీవీసీ లోపలి గోడ మెరుస్తుంది. కిటికీ వెలుగు దాని మీద పడి బొమ్మంతా పాల నీళ్ళలా వచ్చింది. నల్ల పెయింటు వేసినా తగ్గలేదు. వెల్వెట్ వేశాక తగ్గింది.

గాజుని ఎటు తిప్పి పెట్టాలన్నది ఇంకో సంగతి. ఈ ఫిల్టర్‌కి ఒక వైపు ఉబ్బు, ఒక వైపు లోతు ఉంటాయి. లోతు వైపు మనిషి కేసి పెట్టి, దాని ముందు నల్ల అట్టముక్కలో గుండ్రటి రంధ్రం కోసి పెడితే బొమ్మ అంచుల దాకా కాస్త నిలబడుతుంది. రంధ్రాల ఫలితాలు ఇవీ:

- 50 మి.మీ. (ఎఫ్/2): పొగ. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.
- 25 మి.మీ. (ఎఫ్/4): కనురెప్ప గీత తెలుస్తోంది, దాని చుట్టూ వెలుగు చిమ్మినట్టుంది. ఇదే ఖాయం.
- 18 మి.మీ. (ఎఫ్/5.6): వెలుగు చిమ్మడం చాలా తగ్గింది.
- 12.5 మి.మీ. (ఎఫ్/8): మామూలు పాత లెన్స్. ఇంత కష్టం దేనికి?

కారణం ఏమిటంటే గాజు మధ్యలోంచి వచ్చే కిరణాలు ఒక చోట, అంచుల నుంచి వచ్చేవి ఇంకో చోట కలుస్తాయి. మధ్య కిరణాలు గీతనిస్తాయి, అంచు కిరణాలు ఆ గీత చుట్టూ వెలుగునిస్తాయి. కంప్యూటర్లో వేసే బ్లర్‌లో గీతే చెరిగిపోతుంది. రెండిటికీ తేడా అదే.

ఇప్పటికి ఖర్చు: ఫిల్టర్ 600, గొట్టం వెల్వెట్ వగైరా 250, క్యాప్ 150. మొత్తం 1,000 రూపాయలు.

దశ 2: రంగుల లెక్క

ఇక్కడే ఎక్కువ కాలం ఆగిపోయాను. తొలినాటి గాజు ప్లేట్లకి (ఫిల్ముకి బదులు వాడినవి) నీలం తప్ప దాదాపు ఏమీ కనపడదు. 1873లో హెర్మన్ ఫోగెల్ ఎమల్షన్‌లో, అంటే ప్లేటు మీద వెలుగు పట్టే పూతలో, రంగు కలిపి పచ్చని కూడా పట్టేలా చేశాడు, ఆ తర్వాత నీలం, పచ్చ పట్టి ఎరుపు పట్టని ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు వచ్చాయి. ఎరుపుని కూడా పట్టే ప్లేట్లు ఇంగ్లండులో రాటెన్ అండ్ వైన్‌రైట్ అమ్మకానికి పెట్టింది 1906లో. అంటే నా గోడ మీది మొదటి రెండు చిత్రాల నాటికి ఎరుపు అంటే ప్లేటుకి చీకటే.

ఫిల్ము కొనకుండా ఇది పరీక్షించాలంటే రా ఫైల్లోంచి (కెమెరా ఏమీ మార్చకుండా దాచిన బొమ్మ) నీలం చానల్, అంటే నీలం వెలుగు భాగం, ఒక్కటే తీస్తే చాలు. పిన్ని ఆ రోజు ఆకాశనీలం చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, కుంకుమ బొట్టుతో వచ్చింది. నీలం చానల్ బొమ్మ తెర మీద చూసి ఆవిడ అన్న మొదటి మాట:

"ఒరేయ్, ఇదేంట్రా, నాకు తెల్లచీర కట్టావు!"

పక్క గదిలోంచి బాబాయి, "నేనింకా ఉన్నానని చెప్పవే వాడికి" అన్నారు.

నవ్వుకున్నాం కానీ విషయం చిన్నది కాదు. నీలం చీర తెల్లబడింది, కుంకుమ నల్లబడింది, బుగ్గలు మసిబారాయి. మన ఇళ్ళలో గోడ మీద వేలాడే పాత ఫోటోలు చూసి అమ్మమ్మ తెల్లచీర కట్టుకుందనో, చాలా నల్లగా ఉండేదనో చెప్పేముందు ఇది గుర్తు పెట్టుకోవాలి. కొలతలు (0 నలుపు, 255 తెలుపు):

- చెంప: మామూలు నలుపుతెలుపులో 161, నీలం ఒక్కటే తీస్తే 115.
- కుంకుమ: 73, నీలంలో 35.
- ఆకాశనీలం చీర: 155, నీలంలో 225.

కూన్ ఈ సమస్యని ఇంకోవైపు నుంచి పట్టుకున్నాడు. మేరీ వార్నర్‌కీ పిల్లలకీ ఏ రంగు బట్టలు వెయ్యాలో టోన్ల కోసం, అంటే నలుపుతెలుపుల మధ్య ఛాయల కోసం, ముందే ఎంచుకునేవాడు. ఆ పద్ధతి పనికొస్తుంది గానీ నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది: వరసగా చూస్తే మేరీ కన్నా మేరీ వేసుకున్న గౌను గురించే ఎక్కువ తెలుస్తుంది. కేసెబియర్ చిత్రాల్లో అలా ఉండదు. 1898 ప్రాంతంలో ఆమె తీసిన జిట్కాలా-షా చిత్రాలు చూడండి. జిట్కాలా-షా యాంక్టన్ డకోటా రచయిత్రి, వయొలిన్ వాయించేది. బట్టలు మారినా అన్నిటిలోనూ ఆవిడే కనపడుతుంది.

మార్పులు:

1. నీలం ఒక్కటే వదిలేసి, పచ్చ 65 శాతం, నీలం 35 శాతం కలిపాను. ఇది ఆర్థోక్రొమాటిక్‌కి దగ్గర. చెంప 138కి వచ్చింది, కుంకుమ 32.
2. చీర పిన్నే మార్చింది. మెరూన్ రంగు నేతచీర. ఈ మిశ్రమంలో అది 37, దాదాపు నలుపు.
3. మల్లెపూలు అలాగే ఉన్నాయి. బొమ్మలో అసలైన తెలుపు అవొక్కటే.

బొట్టు నల్లగా ఉండటానికి పిన్ని చివరికి ఒప్పుకుంది. వాళ్ళమ్మ ఫోటోలోనూ అలాగే ఉంటుందట.

దశ 3: కూర్చోవడం

కిటికీకి మీటరు దూరంలో కుర్చీ. కిటికీకి తెల్ల పంచె అడ్డం కట్టాను. ఇంకో పక్క ఏమీ పెట్టలేదు. గోడ నుంచి తిరిగొచ్చే వెలుగు చాలు. రంగుల తెర, పూలకుండీ, బల్ల ఏవీ లేవు. అప్పటి స్టూడియోల్లో మామూలుగా ఉండే బొమ్మల తెరల్నీ సామాన్లనీ కేసెబియర్ పక్కన పెట్టేసింది, అందుకని.

ఎవరు తీస్తున్నారు అనేది కూడా లెక్కలోకి వస్తుంది. 1892లో లాలా దీనదయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం వేరే జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్లేయ స్త్రీకి అప్పగించాడు. మా ఇంట్లో పరదా లేదు గానీ నేను కెమెరా వెనకున్నంతసేపూ పిన్ని మొహం పెళ్ళి ఫోటో మొహమే. కేబుల్ రిలీజు నా చెల్లెలికిచ్చి నేను హాల్లోకి వెళ్ళిపోయాక మారింది.

ఎక్స్‌పోజరు: ఐఎస్ఓ 100, ఎఫ్/4 దగ్గర మీటరు సెకనులో ఎనిమిదో వంతు చూపించింది. అది చాలా తక్కువ. ఇంగ్లండు ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ 1860ల్లో తీసిన తడి ప్లేట్లకి (రసాయనం ఆరకముందే వాడేవి) నిమిషాలు పట్టేవి. స్టీగ్లిట్జ్ 1917 నుంచి తీసిన చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ చిత్రాల్లో కొన్నిటికి మూడు నాలుగు నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చిందని ఆమే తర్వాత రాసింది. ఆ నిడివిలో నవ్వు నిలవదు. మొహం దానంతటదే సర్దుకుంటుంది. అందుకని అయిదు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని 32వ వంతుకి తగ్గించే బూడిద గాజు) పెట్టి నాలుగు సెకన్లకి తెచ్చాను.

నాలుగు సెకన్లు కూడా తక్కువేం కాదు. ఊపిరికి భుజం లేచి చీర అంచు రెండుగా వచ్చింది. చేసిన సర్దుబాట్లు:

1. వీపు ఆనేలా ఎత్తు వీపు కుర్చీ. తల వెనక, బొమ్మలో కనపడకుండా చుట్టిన దుప్పటి.
2. ఊపిరి బిగపట్టమనకూడదు. బిగపడితే మెడ నరాలు తేలతాయి. మెల్లగా వదులుతూ ఉండమనాలి.
3. ఫ్యాను ఆపాలి. కాకినాడలో మే నెలలో ఇది చెప్పడానికే ధైర్యం కావాలి.

నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. అప్పటి పిక్టోరియలిస్టు క్లారెన్స్ వైట్ అమెరికాలో ఒహాయోలోని న్యూఅర్క్‌లో హోల్‌సేల్ కిరాణా వ్యాపారంలో పద్దులు రాసే గుమాస్తా. వారానికి రెండు ప్లేట్లకి మించి కొనలేని జీతం. భార్య జేన్‌నీ, మరదళ్ళనీ, స్నేహితుల్నీ ఉద్యోగం వేళలకి ముందూ తర్వాతా కూర్చోబెట్టి తీసేవాడు. నేనూ కూర్చోబెట్టినప్పుడల్లా రెండే తియ్యాలనుకున్నాను. కార్డులో వెయ్యి బొమ్మలు పట్టే కాలంలో ఇది వేషం లాగే అనిపించొచ్చు. కానీ రెండే అన్నాక చీర కుచ్చు, చేతి వేళ్ళు, గాజుల మెరుపు అన్నీ ముందే చూసుకోవడం అలవాటైంది.

ఇప్పటికి ఖర్చు: పాత ఎన్‌డీ ఫిల్టర్ 900. మొత్తం 1,900.

దశ 4: నెగటివ్

గమ్ ప్రింట్‌ని పెద్దది చెయ్యడం కుదరదు. ప్రింటు ఎంతో నెగటివ్ అంత. బొమ్మని తిరగేసి, అద్దంలోలా తిప్పి, ఇంక్‌జెట్ ప్రింటర్లో ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద తీశాను. గరుకు వైపే ప్రింటు చెయ్యాలి. నునుపు వైపు సిరా ఆరక గంటల తరబడి జారుతుంది.

గమ్ పూత చాలా తక్కువ టోన్లు పట్టుకుంటుంది. తెర మీద బాగున్న నెగటివ్ ఇక్కడ పనికిరాదు: మొహం పట్టేలోపు చీరంతా గడ్డకడుతుంది. కాంట్రాస్టు బాగా తగ్గించి, చప్పగా కనిపించే నెగటివ్ తీసుకోవాలి.

ఇప్పటికి ఖర్చు: షీట్లు 500. మొత్తం 2,400.

దశ 5: కాగితం

300 జీఎస్ఎమ్ కాటన్ వాటర్‌కలర్ కాగితం. ముందు వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి ఆరెయ్యాలి. కుంచించుకోవాల్సింది అప్పుడే కుంచించుకోవాలి. తర్వాత సైజింగ్, అంటే రంగు కాగితం పీచులోకి దిగకుండా ఒక పొర.

చీరలకి పెట్టే గంజితో మొదలుపెట్టాను. పాత రోజుల్లో పిండి సైజింగ్ వాడేవారు కాబట్టి ధైర్యం చేశాను. పల్చటి గంజి నీళ్ళలో వదిలిపోయింది, రంగు కాగితంలోకి దిగి బుగ్గ మీద మచ్చలొచ్చాయి. చిక్కటి గంజి ఆరాక పగుళ్ళిచ్చింది. చివరికి జెలటిన్:

1. 100 మి.లీ. చల్లటి నీళ్ళలో 3 గ్రాముల జెలటిన్ ఉబ్బనిచ్చి, తర్వాత గోరువెచ్చ చెయ్యాలి.
2. జెలటిన్‌ని గట్టిపరిచే క్రోమ్ ఆలమ్ ద్రావణం కొద్దిగా కలపాలి. ఎక్కువైతే గిన్నెలోనే గడ్డకడుతుంది.
3. వెడల్పు బ్రష్‌తో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి.
4. రాత్రంతా ఆరబెట్టి, ఇదే మళ్ళీ ఒకసారి.

ఇప్పటికి ఖర్చు: కాగితం 1,800, జెలటిన్ ఆలమ్ 700. మొత్తం 4,900.

దశ 6: పూత

ముందు జాగ్రత్త. పొటాషియం డైక్రోమేట్ విషం, క్యాన్సర్ కలిగించే రసాయనం. పొడి తూచేటప్పుడు మాస్కు, ఎప్పుడూ నైట్రైల్ గ్లవ్స్. వంటగది గరిట ఒక్కటి కూడా ఇందులోకి రాకూడదు. పిల్లలున్న ఇంట్లో తాళం వేసే అర లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు.

జిగురు: తెల్లటి తుమ్మబంక 50 గ్రాములు, నీళ్ళు 100 మి.లీ., రాత్రంతా నానబెట్టి పాత పంచె గుడ్డలో వడకట్టాను. బెరడు ముక్కలు బోలెడు. చిక్కదనం చూడటానికి సిరంజితో 10 మి.లీ. తీసి తూచాలి, 11 గ్రాములకి కొంచెం పైన ఉంటే సరి, ఎక్కువుంటే నీళ్ళు. ఈ వాతావరణంలో రెండు రోజుల్లో పులిసి వాసన కొట్టింది. పుస్తకాలన్నీ థైమాల్ వెయ్యమంటాయి. ఆయుర్వేదం షాపులో అమ్మే వాము పువ్వు అదే. చిటికెడు వేశాక మళ్ళీ పులవలేదు.

డైక్రోమేట్ 10 శాతం ద్రావణం. అంతకన్నా పెద్దగా కరగదు కూడా. 20 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీళ్ళలో 12 గ్రాముల దాకానే. ఒక చిన్న ప్రింటుకి జిగురు 2 మి.లీ., డైక్రోమేట్ 2 మి.లీ., ట్యూబు వాటర్‌కలర్ (బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో కొంచెం నలుపు). పసుపు రంగు బల్బు వెలుగులో పూశాను.

దెబ్బతిన్నవి, కారణాలతో:

*రాత్రి పూసి పొద్దున్న ఎండలో పెట్టినవి.* ఒక్కటీ కడగలేకపోయాను, కాగితమంతా గోధుమ రంగు పలక. తేమలో, వేడిలో ఈ పూత చీకట్లో కూడా గట్టిపడుతుంది. గదిలో తేమ 82 శాతం. ఇప్పుడు పూసి, ఫ్యాను కింద ఆరగానే, గంట లోపల ఎండలో పెడుతున్నాను.

*మధ్యాహ్నం కడిగినవి.* బొమ్మ ముందు చక్కగా తేలింది, తర్వాత మొహం మొహంగా జారిపోయి ట్రేలో పడింది. డాబా మీది ట్యాంకు నీళ్ళు 41 డిగ్రీలు. ఇప్పుడు తెల్లవారుజామున పట్టి కుండలో ఉంచిన నీళ్ళు, 27 డిగ్రీలు.

*అంచులు పదునుగా, మధ్యలో మసకగా వచ్చినవి.* గాజుకీ కాగితానికీ మధ్య సందు. ఫ్రేము వెనక మందపాటి ఫోమ్ షీటు పెట్టి నాలుగు వైపులా క్లిప్పులు బిగించాక పోయింది.

పొద్దున్న పదింటి ఎండలో ఒకటి నుంచి అయిదు నిమిషాల దాకా మెట్లు మెట్లుగా పరీక్ష పట్టీ తీశాను. మూడు నిమిషాల మెట్టు దగ్గర బుగ్గ నిలిచింది. కడగడం: బోర్లా పెట్టి వదిలెయ్యాలి, అరగంట, నీళ్ళు రెండు మూడు సార్లు మార్చి. వేలితో ముట్టుకోవద్దు. 1890ల్లో ఈ పద్ధతిని పారిస్‌లో మళ్ళీ వాడుకలోకి తెచ్చిన రాబర్ట్ డెమాషీ తడి పూత మీద బ్రష్ ఆడించి బొమ్మ మార్చేవాడు. నేను జడ దగ్గర బ్రష్ పెట్టి చూశాను, జడ పోయింది.

ఇప్పటికి ఖర్చు: బంక, డైక్రోమేట్, రంగులు, గ్లవ్స్, మాస్కు, మెటాబైసల్ఫైటు కలిపి 1,500; గాజు, చెక్క, క్లిప్పులు 350. మొత్తం 6,750. కాగితం అయిపోయి మళ్ళీ కొన్నది 1,800. మొత్తం 8,550.

దశ 7: మూడు పూతలు

ఒక్క పూతలో చీర మడతలు ఉంటే మొహం లేదు, మొహం ఉంటే చీర గడ్డ. అప్పటి ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్ లాంటివాళ్ళు ప్లాటినం ప్రింటు (ప్లాటినం లోహంతో బొమ్మ ఏర్పడేది) మీద గమ్ పూత వేసేవారు. ప్లాటినం టోన్ల వరస నిలబెడుతుంది, గమ్ నలుపుని లోతు చేస్తుంది. ప్లాటినం ఉప్పు ధర అడిగాక గమ్ మీద గమ్ చాలనుకున్నాను.

1. తేలిక పూత: రంగు చాలా తక్కువ, ఎండ అయిదు నిమిషాలు. మల్లెలు, నుదురు, బుగ్గ దీనిలోనే వస్తాయి.
2. నడిమి పూత: రంగు రెట్టింపు, మూడు నిమిషాలు.
3. ముదురు పూత: రంగు బాగా ఎక్కువ, నిమిషంన్నర. జుట్టు, చీర, బొట్టు.

ప్రతి పూత తర్వాత పూర్తిగా ఆరాలి. నెగటివ్ మళ్ళీ అదే చోట కూర్చోడానికి మూలల్లో గుండుసూది రంధ్రాలు. అయినా పొడవు వైపు మిల్లీమీటరు తేడా వచ్చి ముక్కు రెండు గీతలైంది. నానబెట్టడం ఒకసారి సరిపోలేదు. కొత్త కాగితాన్ని రెండుసార్లు వేడి నీళ్ళలో వేసి ఆరబెట్టాను, తేడా సగమైంది. మిగిలిన సగాన్ని మెత్తటి లెన్స్ దాచేసింది. ఈ పనిలో మసకకి నేను చూసిన అసలు ఉపయోగం ఇదే.

చివర్లో 2 శాతం మెటాబైసల్ఫైటులో అయిదు నిమిషాలు. డైక్రోమేట్ పసుపు పోయి మల్లెపూలు కాగితం తెలుపుకి వచ్చాయి.

మూడు పూతల ప్రింటు పక్కన రెండు పూతలది పెట్టి పిన్నికి చూపించాను. మూడు పూతల్లో చీర నలుపు లోతుగా ఉంది, బొమ్మగా అదే మెరుగని నా అభిప్రాయం. పిన్ని రెండు పూతలది తీసుకుంది. "ఇందులో నా చేతులు కనపడుతున్నాయి రా" అంది. ఒళ్ళో పెట్టుకున్న ఎడమ చెయ్యి ముదురు పూతలో చీరలో కలిసిపోయింది, నేను మొహం మీదే కళ్ళు పెట్టుకుని చూళ్ళేదు. ముదురు పూత ఆ చేతి మీద పడకుండా నెగటివ్ మీద అట్టముక్క అడ్డం పెట్టి ఎండ ఆపాలి.

మిగిలిన పని

వాడేసిన డైక్రోమేట్ కాలవలో పోయలేదు. మెటాబైసల్ఫైటు కలిపితే నారింజ రంగు పోయి పచ్చబడుతుంది, విషం బాగా తగ్గుతుంది. అయినా సీసాలో మూసి ఉంచాను, రసాయన వ్యర్థాలు తీసుకునే ల్యాబ్‌కి ఇవ్వాలి. అంతవరకు కొత్త ద్రావణం కలపను. వానాకాలం తేమలో పూత ఎలాగూ నిలవదు. కార్తీకంలో గాలి పొడిబారాక చేతికి అడ్డు పెట్టిన ముదురు పూతతో మళ్ళీ మొదలు. ఈలోగా గాజుని +8కి మార్చి చూస్తాను: ఫోకల్ లెంగ్త్ 125 మి.మీ., అదే దూరానికి గొట్టం 118 మి.మీ. కావాలి. పీవీసీ ముక్క ఇంకోటి కొయ్యాలి.